సమాధి గుమ్మంలో అద్దం

అలెగ్జాండ్రియా, కర్మూజ్ పేట
8 జనవరి 1979

తమ్ముడు తాయెకి,

అక్క బహియా దీవెనలు. నువ్వూ, సకీనా, పిల్లలూ, ఆ పొగరుబోతు మేకా అంతా కులాసా అని తలుస్తాను. మేం బాగానే ఉన్నాం. మీ బావ హనఫీ మోకాళ్ళు ఎప్పటిలాగే వాన రాకకు రెండు రోజుల ముందు కబురు చెబుతున్నాయి. ఇక అసలు సంగతి. నా కొంప మునిగింది. చావు కబురేమో అని కంగారు పడకు, అంతకంటే పెద్దదే.

నేను పెళ్ళై ఈ ఊరు వచ్చిన కొత్తలో మా మేడలో ఆడవాళ్ళు నా యాస విని పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు. ఎగువ దేశం నుంచి వచ్చిన సయీదీ అంటే వీళ్ళ లెక్కలో బుర్ర సగమే ఉన్న మనిషి. ఒకరోజు డాబా మీద బట్టలు ఆరేస్తుంటే దౌలత్ అనే ఆవిడ, "బహియా, మీ ఊళ్ళో నిచ్చెన వేసుకుని ఒంటె ఎక్కి, దిగడానికి నిచ్చెన ఎక్కడ పెట్టారో మర్చిపోతారటగా!" అంది. నాకు ఒళ్ళు మండింది. "మీరు చేపల్ని చూస్తూ పెరిగారు. నేను రాజుల సమాధుల్లో ఆడుకుంటూ పెరిగాను. లోపల ప్రతి బొమ్మా నాకు పేరు పెట్టి తెలుసు" అనేశాను. నవ్వులు ఠక్కున ఆగిపోయాయి.

అంతే, ఆ రోజు నుంచి ముప్ఫై నాలుగేళ్ళుగా చలికాలం సాయంత్రాలు నావే. అందరూ టీ గ్లాసులు పట్టుకుని నా చుట్టూ చేరతారు, నేను కోతలు కోస్తాను. మన ఇంటి వెనక మేకల్ని కట్టే చిన్న సమాధి ఉంది చూడు, ఎవరో ధాన్యం గుమాస్తాది, దాన్నే పెంచి పెంచి రాజుగారిని చేశాను. రాజుల లోయ వైపు నేను ఒక్కసారీ వెళ్ళలేదని నీకు తెలుసుగా. మన ఊళ్ళో ఆడవాళ్ళు ఆ గుమ్మాలు తొక్కేది పిల్లలు పుట్టక మొక్కుకోవడానికే. నాకు పెళ్ళైన ఏడాదికే ఒకటి పుట్టింది, ఆ అవసరమూ పడలేదు.

ఇప్పుడేమో దౌలత్ పనిచేసే నూలు మిల్లువాళ్ళు మన లక్సర్‌కి ట్రిప్పు పెట్టారు. ఆవిడ మేడలో ఏడుగురి పేర్లూ రాయించి వచ్చి, "మనకి గైడెందుకే? బహియా ఉంది! వాళ్ళ తమ్ముడు పనిచేసే సమాధికే పోదాం" అని డాబా అదిరేలా చాటింది. ఫిబ్రవరి 22 గురువారం పొద్దున మేం నీ గుమ్మంలో ఉంటాం. అక్కడ నేను నోరు వెళ్ళబెట్టి నిలబడ్డానంటే ఇక నా బతుకంతా నిచ్చెనా ఒంటే కథే. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నువ్వు అక్కడే పనిచేస్తున్నావు. గుమ్మం నుంచి చివరిదాకా ఎడమన ఏముందో కుడిన ఏముందో అంతా రాసి పంపు. బట్టీ పట్టేస్తాను.

పరువు గాల్లో దీపమైన నీ అక్క,
బహియా

•

గుర్నా
16 జనవరి 1979

అక్కకి,

తాయె సలాములు. ఇక్కడ అందరం క్షేమం. మేక నిన్న సకీనా తలగుడ్డ తినేసింది, అందుకని ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడటం లేదు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ధాన్యం గుమాస్తాని రాజుని చేసినందుకు ఆయన సంతోషించే ఉంటాడు.

మా సమాధి పక్క లోయలో ఉంది కదా, కరెంటు తీగ ఇంకా మా దాకా రాలేదు. నేను గుమ్మం ముందు నిలువుటద్దం పట్టుకుని ఎండని లోపలికి పంపుతాను. నాతో పనిచేసే షహ్హాత్ లోపల వెండి కాగితం అంటించిన చెక్కతో ఆ ఎండని అందుకుని గోడల మీదికి తిప్పుతాడు. సూర్యుడు జరిగినకొద్దీ నేనూ జరగాలి. షహ్హాత్ "కుడికి", "ఎడమకి" అని లోపలి నుంచి కేకేస్తుంటాడు. పదకొండు దాటితే ఎండ కొండ వెనక్కి పోతుంది కాబట్టి పెందలాడే రండి.

రాసుకో. ముందు ఇరవై రెండు మెట్లు. తర్వాత కిందికి వాలిన నడవా. అందులో ఎడమ గోడ మీద పొట్టేలు తల ఉన్న సూర్యదేవుడు, కుడి గోడ మీద పెద్ద పాము. రెండో నడవాలో కుడిన పన్నెండు కోతులు మూడు వరసల్లో కూర్చుని ఉంటాయి, ఎడమన పడవ, దాన్ని తెడ్లేసి నడిపేవాళ్ళు. ఆ తర్వాత లోతైన గొయ్యి, దాని మీద చెక్క వంతెన. ఒక్కొక్కరుగా దాటండి. ఆవల స్తంభాల గది. అక్కడ ఎడమన రెక్కలు చాచిన దేవత, కుడిన నక్క తల దేవుడు. చివరి గదిలో రాజుగారి రాతి పెట్టె. పైకప్పు నిండా నక్షత్రాలు.

రంగులు బాగుంటాయి.

ఇట్లు,
తమ్ముడు తాయె

•

అలెగ్జాండ్రియా
24 జనవరి 1979

తమ్ముడూ,

ఏమిటిది, ఉత్తరమా పోలీసు పంచనామానా? "రంగులు బాగుంటాయి" అట! పెళ్ళికూతురు ఎలా ఉందని అడిగితే మనిషే అన్నట్టుంది.

అయినా బట్టీ పట్టేశాను. మా ఇంటి నడవానే సమాధి చేశాను. ఎడమన బట్టల బీరువా సూర్యదేవుడు, కుడిన నీళ్ళ గొట్టం పాము. వంటింట్లో కుడిపక్క గిన్నెల బల్ల కోతులు, ఎడమపక్క స్టవ్వు పడవ. రోజుకి నాలుగుసార్లు తిరుగుతూ అప్పజెప్పుకుంటున్నాను. నిన్న మీ బావ టీ పెట్టుకుందామని వస్తే, "పడవ మీద చెయ్యి వెయ్యకు!" అని అరిచాను. పాపం గ్లాసు వదిలేశాడు. గొయ్యి కోసం మంచం అడ్డంగా వేశాను, రాత్రి దాని మీంచి మీ బావ పడ్డాడు. దెబ్బ తగల్లేదులే.

ఎడమ, కుడి నాకొచ్చేశాయి. నాకిప్పుడు కావలసింది ప్రాణమున్న సంగతులు. రెక్కలు చాచిన దేవత బట్ట ఏ రంగు? చేతులకి గాజులున్నాయా? నక్కదేవుడి మొహం కోపంగా ఉంటుందా, నిమ్మళంగా ఉంటుందా? ఆడవాళ్ళు అడిగేవి ఇవే. ఎన్ని మెట్లని ఎవరూ అడగరు.

ఇంకొకటి. ఆ రోజు నువ్వు నా పక్కనే నడవాలి. నేను తడబడితే మెల్లగా దగ్గు. నువ్వుంటే నాకు సగం భయం పోతుంది, నిజం.

వేచి ఉండే నీ అక్క,
బహియా

•

గుర్నా
1 ఫిబ్రవరి 1979

అక్కకి,

సలాములు. సకీనా మేకతో రాజీ పడింది. చెరుకు కోతలు మొదలయ్యాయి, ఊరంతా తీపి వాసన.

దేవత బట్ట ఎరుపు. ఆకుపచ్చ అని కూడా అనుకోవచ్చు. గాజులు ఉన్నాయి. నక్కదేవుడి మొహం నక్కలాగే ఉంటుంది.

నేను నీ పక్కన నడవడం కుదరదు. లోపలికి రాలేను. షహ్హాత్ ఉంటాడు, మంచివాడు, కాస్త ఎక్కువ మాట్లాడతాడు. నన్ను బలవంతం చెయ్యకు.

సకీనా ఎండలో పొంగబెట్టిన రొట్టెలు చేస్తానంటోంది. మీ వాళ్ళు తింటారా?

తాయె

•

అలెగ్జాండ్రియా
10 ఫిబ్రవరి 1979

తాయెకి,

నిన్న ప్రవక్త పుట్టినరోజు పండగ బాగా జరిగింది. నీ చిన్న కూతురికి చక్కెర బొమ్మ కొని పెట్టాను, దారిలో విరగకుండా నా ఒళ్ళో పెట్టుకుని తెస్తాను. నీ కూతురు కోసమే తెస్తున్నాను, నీ కోసం కాదు.

ఎరుపా, ఆకుపచ్చా? ముప్ఫై ఒక్క ఏళ్ళు చూసిన మనిషికి ఆ మాత్రం తెలియదా? తెలుసు. చెప్పడం ఇష్టం లేదు. నాకిప్పుడు అర్థమైంది. అక్క అబద్ధాలకోరు, ఊరి ఆడవాళ్ళని వెంటేసుకొచ్చి షహ్హాత్ ముందు నీకు తలవంపులు తెస్తుంది, అదేగా నీ బాధ? మొహమాటానికి రమ్మన్నావు, మనసులో ఒద్దనుకున్నావు. అందుకే ఒక్కో మాటా పళ్ళు పీకినట్టు పీకించుకుంటున్నావు.

చిన్నప్పుడు నువ్వు పావురం గూడు తగలబెట్టినప్పుడు ఆ దెబ్బలు ఎవరు తిన్నారో జ్ఞాపకం చేసుకో. నేను తిన్నాను. నోరు మెదపలేదు. సరే, పక్కన నడవొద్దు. ఎండలో నీ అద్దం నువ్వు పట్టుకో. దేవత బట్ట ఎరుపనే చెబుతాను, తప్పైతే నవ్వుతారు, అలవాటే.

20న రైలెక్కుతున్నాం.

బహియా

తా.క. రొట్టెలు తింటారు. ఎక్కువే చెయ్యమను.

•

గుర్నా
17 ఫిబ్రవరి 1979

అక్కా,

నీ ఉత్తరం ఇవాళే అందింది. ఇది నువ్వు రైలెక్కే లోపు చేరదు, తెలుసు. అయినా రాస్తున్నాను. ఎదురుగా చెప్పమంటే నా నోరు పెగలదు.

నిన్ను చూసి నేను సిగ్గుపడటం లేదు. నన్ను చూసి నేను సిగ్గుపడుతున్నాను. నేను ఆ సమాధి చూడలేదు.

నవ్వకు, ఆలోచించు. లోపల వెలుగుండాలంటే నేను బయట ఉండాలి. నేను లోపలికి వెళితే లోపల చీకటి. దీపం తీసుకెళ్ళనివ్వరు, పొగకి గోడలు పాడవుతాయి. టార్చి పట్టుకుని వెళ్ళాను, వెళ్ళకేం. టార్చిలో అరచేతంత గోడ కనబడుతుంది. ఒక ముక్కు, ఒక కాలు, ఒక తోక. ఇన్నేళ్ళలో నేను చూసింది ముక్కులూ తోకలే. మొదటి ఏడాది, అద్దం ఎవరికైనా ఇచ్చి రేపు చూద్దాంలే అనుకున్నాను. పదేళ్ళు గడిచాక అడగడానికి సిగ్గేసింది. ఇరవై ఏళ్ళయ్యాక, చూడలేదని చెప్పడానికే సిగ్గేసింది. ఊళ్ళో వాళ్ళూ, నా పిల్లలూ కూడా నేను చూశాననే అనుకుంటారు. షహ్హాత్‌కి ఒక్కడికే తెలుసు.

నీకు రాసినవన్నీ షహ్హాత్ చెప్పినవే. బట్ట సోమవారం ఎరుపన్నాడు, బుధవారం ఆకుపచ్చన్నాడు. నేనేం చెయ్యను? నువ్వు అడిగిన ప్రతిసారీ వాణ్ణి అడిగే రాశాను.

పావురం గూడు సంగతి నేను మర్చిపోలేదు. నువ్వొచ్చే రోజు ఒక్క మబ్బు కూడా రాకూడదని మొక్కుకున్నాను.

నీ తాయె

•

అలెగ్జాండ్రియా
27 ఫిబ్రవరి 1979

నా బంగారు తమ్ముడూ,

నిన్న రాత్రి ఇల్లు చేరాం. తలుపు సందులో నీ ఉత్తరం పడి ఉంది. చెప్పులు కూడా విప్పకుండా చదివి, ఏడ్చి, ఆ తర్వాత నవ్వాను. మీ బావ అయితే ఏడవలేదు, నవ్వుతూనే ఉన్నాడు. నిన్ను అన్నేసి మాటలన్నందుకు నా నోరు పడిపోను.

లోపల ఏం జరిగిందో నీకు తెలియదు కదా, నువ్వు బయట ఉన్నావు. విను. మెట్లు ఇరవై రెండే, అక్కడిదాకా రాణిలా దిగాను. మొదటి నడవాలో గొంతు సవరించుకుని, "అమ్మలారా, ఎడమన సూర్యదేవుడు!" అని చెయ్యి చాచాను. అక్కడ ఇంత లావు పాము. దౌలత్ నా వైపు చూసింది. "సూర్యుడు... పాము రూపంలో" అన్నాను. రెండో నడవాలో "కుడిన పన్నెండు కోతులు" అన్నాను. కుడిన పడవ! "బహియా, నీ కోతులు గోడ మారాయే!" అంది మా మేడ ఇన్సాఫ్.

నిన్ను తిట్టుకుంటూ గుమ్మం వైపు తిరిగాను, అక్కడ నీ అద్దం మెరుస్తోంది. అలా తిరిగేసరికి కోతులు నా కుడిచేతికొచ్చాయి! అప్పుడు వెలిగింది. నీకు చెప్పింది షహ్హాత్. షహ్హాత్ నిలబడేది గుమ్మం వైపు మొహం పెట్టి. ఇన్నేళ్ళూ వాడి కుడే నీకు కుడి, వాడి ఎడమే ఎడమ. మీ ఇద్దరి పనికి అది సరిపోతుంది, నా కొంపకి నిప్పంటుకుంది.

అయితే నేనూ గుర్నా పిల్లనే. అక్కణ్ణించి వెనక్కి నడిచాను. గుమ్మం వైపు మొహం, ఆడవాళ్ళ వైపు మొహం, ఒక్కో అడుగూ వెనక్కేస్తూ, "ఎడమన ఇది, కుడిన అది" అని గడగడా చెప్పేశాను. అన్నీ సరిగ్గా కుదిరాయి. వంతెన కూడా వెనక్కే దాటాను, షహ్హాత్ గుండె పట్టుకున్నాడు. "చూశారా, అలవాటైన కాళ్ళు! వెనక కూడా కళ్ళున్నాయి దీనికి" అంది దౌలత్. తమ్ముడూ, ఆ క్షణాన నేను గెలిచాను.

చివరి గదిలోకీ అలాగే వెనక్కి అడుగేశాను. ఏడుగురూ నా తల మీదుగా పైకి చూస్తున్నారు. షహ్హాత్ చెక్క ఎత్తాడు. నేను వెనక్కి తిరిగాను.

ఏం చెప్పాలో ముందే బట్టీ పట్టాను కదా, ఒక్క ముక్క రాలేదు. ఆ నీలం, ఆ నక్షత్రాలు! నా కళ్ళు వాటంతటవే కారాయి. దౌలత్ నా పక్కకొచ్చి మెల్లగా అడిగింది, "ఏమే, నువ్విది ఇప్పుడే మొదటిసారి చూస్తున్నావు కదూ?" అవునన్నాను. ఇంకో అబద్ధం ఆడే ఓపిక లేదు, ఆడాలనీ అనిపించలేదు. నా పని అయిపోయిందనుకున్నాను.

దౌలత్ అంది, "నాకు ఈత రాదు." నాకు అర్థం కాలేదు. "సముద్రంలో కోట దాకా ఈదేదాన్నని ముప్ఫై ఏళ్ళుగా చెబుతున్నాగా. మోకాళ్ళ లోతు దాటి ఎప్పుడూ దిగలేదు. నీ సమాధి కథలకి దీటుగా ఏదో ఒకటి చెప్పాలి కదా మరి!" ఇక చూడు, ఆ రాజుగారి గదిలో ఎనిమిది మంది ఆడవాళ్ళు కింద కూలబడి నవ్వడం. ఇన్ని వేల ఏళ్ళలో ఆయన అంత గోల విని ఉండడు. అప్పుడే షహ్హాత్ నోరు జారాడు, "మీదేముందమ్మా, బయట అద్దం పట్టుకున్నాయనే ఇంతవరకూ చూడలేదు!" అని.

తర్వాత మేమంతా బయటికి వచ్చి నీ మీద పడ్డాం, అది నీకు తెలుసు. "సర్కారు అద్దం, ఎవరికీ ఇవ్వకూడదు" అని నువ్వు దాన్ని కావలించుకోవడం, "సర్కారుకి నేను చెప్పుకుంటా, ముందు నువ్వు లోపలికి నడు!" అని దౌలత్ లాక్కోవడం. నువ్వు లోపలికి వెళ్ళాక బయట ఏం జరిగిందో చెబుతాను. ఆ అద్దం అంత బరువని నాకేం తెలుసు! చట్రం కాలిపోతుంటే దౌలత్ తన తలగుడ్డ చుట్టింది. నలుగురం పట్టుకున్నాం, మిగతావాళ్ళు అజమాయిషీ. లోపలినుంచి షహ్హాత్ "కుడికి!" అంటే నేను "వాడి కుడికే, మన కుడికి కాదు!" అని అరుస్తున్నాను, నలుగురూ నాలుగు పక్కలకి లాగుతున్నారు. ఇన్సాఫ్‌కి తుమ్మొచ్చింది, అద్దం కొండ మీదికి తిరిగి ఎవరిదో గాడిద బెదిరి పారిపోయింది. చేతులు పడిపోయాయి, కాని ఒక్కరూ వదల్లేదు.

నువ్వు చాలాసేపు రాలేదు. వచ్చాక కూజాలో నీళ్ళతో మొహం కడుక్కుని, "టీ ఎవరికి కావాలి?" అన్నావు. అంతే! రైల్లో దారి పొడుగునా వీళ్ళు నా ప్రాణం తీశారు, "మీ తమ్ముడేమన్నాడు, ఏం చూశాడు?" అని. నీ జవాబు రాగానే సాయంత్రం డాబా మీద కూర్చుంటాం. ఇప్పుడు నా మాటలు వీళ్ళు నమ్మరు, కాని ఇదివరకటికంటే దగ్గరగా జరిగి కూర్చుంటున్నారు. రైల్లో గుమాస్తా సమాధి, మేకల కథ ఉన్నదున్నట్టు చెబితే దౌలత్ టీ ఉమ్మేసింది. నీ ఉత్తరం చదివి వినిపిస్తానని మాటిచ్చాను. ఈసారి పంచనామా పంపావో, రైలెక్కి వస్తాను.

నీ అక్క,
బహియా

•

గుర్నా
7 మార్చి 1979

అక్కకీ, దౌలత్ గారికీ, ఇన్సాఫ్ గారికీ, డాబా మీద కూర్చున్న అందరికీ,

సలాములు. గాడిద దొరికింది. దాని యజమాని మిమ్మల్ని అడిగానని చెప్పమన్నాడు, ఏమని అడిగాడో రాయను.

నాకు రాయడం చేతకాదు. జరిగింది జరిగినట్టు చెబుతాను. మెట్లు కాళ్ళకి తెలుసు కాబట్టి తల దించుకునే దిగాను. నడవాలోకి వచ్చి తలెత్తాను. నా వెనకనుంచి వెలుగు వచ్చి నన్ను దాటి ముందుకు పోతోంది. ఇన్నేళ్ళు నేను పంపిన ఎండ ఎక్కడికి వెళుతుందో అప్పుడే చూశాను. ముక్కులన్నిటికీ మొహాలున్నాయి. తోకలన్నిటికీ కోతులున్నాయి. దేవత బట్ట మీద ఎరుపూ ఉంది, ఆకుపచ్చా ఉంది, పాపం షహ్హాత్ రెండుసార్లూ నిజమే చెప్పాడు.

కాని మీకు చెప్పాల్సింది వేరే ఉంది. అద్దం కదలకుండా పట్టుకుంటానని నాకు పేరు. మా పెద్ద అధికారి కూడా మెచ్చుకున్నాడు. మీరు పట్టుకున్న తీరు మాత్రం, చెబితే బాధపడకండి, ఘోరం. వెలుగు ఒక్క క్షణం నిలవలేదు. పైకి పోయింది, కిందికి దూకింది, ఊగింది, వణికింది. పైన మీరు దెబ్బలాడుకోవడం నాకు వినబడుతూనే ఉంది. మీరు ఒక్కో పక్కకి లాగినప్పుడల్లా పడవలోవాళ్ళు తెడ్లేశారు. పాము పాకింది. దేవత రెక్కలు కదిపింది. ఇన్సాఫ్ గారు తుమ్మినప్పుడు పన్నెండు కోతులూ ఒక్కసారి లేచి కూర్చున్నాయి. ఇన్నేళ్ళు నేను గట్టిగా పట్టుకున్నాను కాబట్టి వాళ్ళందరూ గోడకి అతుక్కుని ఉన్నారు.

చివరి గదిలో నేల మీద కూర్చుండిపోయాను. షహ్హాత్ నేను అడక్కుండానే చెక్క పైకెత్తాడు. ఏడ్చాను. అక్కా, ఈ మాట చదివి వినిపించేటప్పుడు దాటెయ్యకు. ముప్ఫై ఒక్క ఏళ్ళ మీద ఒక్కసారే వచ్చింది, దాచుకోవడం ఎందుకు? బయటికి వచ్చి ఏదైనా చెబుదామనే అనుకున్నాను. ఎదురుగా మీరంతా చెమటలు కక్కుతూ, ఎర్రబడిన చేతులు ఊదుకుంటూ నా మొహంలోకి చూస్తున్నారు. నాకు టీ తప్ప ఇంకేమీ తోచలేదు.

శనివారం అసియూత్ నుంచి బడిపంతుళ్ళ జట్టు వచ్చింది. వాళ్ళు రెండో నడవాలోకి దిగారని తెలిశాక నేను అద్దం కొంచెం, చాలా కొంచెం, ఊపాను. షహ్హాత్ లోపలినుంచి కేకేశాడు, "ఏంట్రా తాయె, చెయ్యి వణుకుతోంది? ముసలాడివైపోయావా?"

"వణకనీ. లోపల ఎలా ఉంది?" అని అరిచాను.

షహ్హాత్ గొంతు, అరుపు కాదు, మామూలుగా, మెట్ల మీదుగా పైకి వచ్చింది.

"పడవ కదిలిందిరా" అన్నాడు.

ఇట్లు,
తాయె